గొట్టం మాత్ర ఒక ఇంటిది, టీకా ఊరందరిది

వ్యవసాయ కూలీ ఇంట్లో కోడి అంటే పండగనాటి కూర మాత్రమే కాదు. ఆ ఇంటి ఆడమనిషి చేతిలో ఎప్పుడో ఒకప్పుడు నాలుగు డబ్బులు ఆడేది కోడి వల్లనే. పిల్లవాడికి జ్వరం వస్తే పుంజుని అమ్ముతుంది. బళ్ళు తెరిచే రోజుల్లో గుడ్లు కూడబెట్టి పుస్తకాలు కొంటుంది. భూమి ఉంటే అది మగవాడి పేర ఉంటుంది, చాలా ఇళ్ళలో అదీ ఉండదు. అప్పు ఇద్దరి మీదా ఉంటుంది. గంప కింద కమ్మిన పెట్ట, దాని పిల్లలు మాత్రం ఆమెవి. పెట్ట తనది కాకపోయినా, పాలుకు తెచ్చుకున్నదైనా, పెంచిన కష్టం ఆమెది, వచ్చిన పిల్లల్లో సగం ఆమెది.

ఆ కోళ్ళకు జబ్బు వస్తే ఏం జరుగుతోంది? పొద్దున గూడు తలుపు తీసేసరికి ఒక పెట్ట తూగుతూ కనిపిస్తుంది. పశువుల ఆసుపత్రి మండల కేంద్రంలో ఉంటుంది. ఒక పూట కూలి మానుకుని కోడిని చంకన పెట్టుకుని పోతే, డాక్టరు గేదెల కేసుకు వెళ్ళారని చెబుతారు. అందుచేత ఆమె దగ్గరలోని మందుల దుకాణానికి పోతుంది. దుకాణంవాడు ఒక గొట్టం మాత్ర చేతిలో పెట్టి, "విప్పి అన్నంలో కలిపి పెట్టమ్మా" అంటాడు. అది మనుషులకు వాడే టెట్రాసైక్లిన్ కావచ్చు, మరో యాంటీబయోటిక్ కావచ్చు. వారం తిరిగేసరికి మాత్రల డబ్బులు పోతాయి, కోళ్ళూ పోతాయి. వాడలో ఏ గూడు చూసినా ఖాళీగా ఉంటుంది.

ఇందులో తప్పు ఆ తల్లిది కాదని మేము ముందే స్పష్టం చేయదలిచాము. తన ఆస్తిని కాపాడుకోవడానికి తనకు అందుబాటులో ఉన్నది ఆమె చేసింది. అందుబాటులో ఉన్నది పనికిరానిది ఎందుకయింది, పనికివచ్చేది ఆమెదాకా ఎందుకు రాలేదు అన్నవే అడగవలసిన ప్రశ్నలు.

కొక్కెరకు మాత్ర లేదు

మన ఊళ్ళలో పెరటి కోళ్ళను ఎక్కువగా తుడిచిపెట్టేది కొక్కెర తెగులు. డాక్టర్లు దీన్ని రాణిఖేత్ అంటారు. కోడి రెక్కలు వాల్చి తూగుతుంది, నోరు తెరిచి గురకపెడుతూ గాలి తీస్తుంది, పచ్చగా తెల్లగా పల్చటి రెట్ట వేస్తుంది. కొన్నిటికి మెడ మెలి తిరుగుతుంది, కాళ్ళూ రెక్కలూ చచ్చుబడతాయి. ఒక ఇంట్లో మొదలైతే ఇరుగు పొరుగు ఇళ్ళకు పాకడానికి రోజులే చాలు. సంతలో కొన్న కోడి, పందెం నుంచి తిరిగొచ్చిన పుంజు, చచ్చిన కోడిని ముట్టుకున్న చేయి, పారేసిన ఈకలు, పేగులు, అన్నీ దాన్ని మోసుకొస్తాయి.

ఈ తెగులుకు కారణం వైరస్. యాంటీబయోటిక్ మందు చంపేది బ్యాక్టీరియాను. వైరస్ మీద అది పనిచేయదు. సగం మాత్ర వేసినా, డబ్బా మొత్తం వేసినా ఫలితం ఒకటే. కోళ్ళకు వచ్చే మశూచి కూడా వైరస్ జబ్బే, బర్డ్ ఫ్లూ కూడా అంతే. పిల్లలకు నెత్తురు రెట్ట పడితే అది చాలాసార్లు కాక్సిడియా అనే మరోరకం సూక్ష్మజీవి పని. దానికి వేరే మందు ఉంది. తినీ తినీ ఎండిపోతున్న కోడికి కావలసింది ఏలికపాముల మందు. వీటన్నిటికీ ఒకే గొట్టం మాత్ర ఇవ్వడమంటే అన్ని తాళాలకూ ఒకే చెవి తిప్పడమే.

"మా ఇంట్లో మాత్ర వేస్తే కోడి బతికింది గదా" అని కొందరు అంటారు. నిజమే, బతికి ఉండవచ్చు. కొక్కెరలో కూడా కొన్ని కోళ్ళు తమంతట తామే తట్టుకుంటాయి. కొన్నిసార్లు ఆ జబ్బు కొక్కెర కాక, మొహం వాచి ముక్కు కారే కొరైజా లాంటి బ్యాక్టీరియా జబ్బయి ఉంటుంది. అప్పుడు యాంటీబయోటిక్ పనిచేస్తుంది. కోళ్ళ కలరాకు కూడా పనిచేస్తుంది. కాబట్టి ఈ మందులన్నీ విషమని మేము చెప్పడం లేదు. ఏ జబ్బో చూసి చెప్పే మనిషి ఉండాలి, ఏ మందు ఎంత, ఎన్ని రోజులు అని చెప్పే చీటీ ఉండాలి అంటున్నాము.

అన్నంలో కలిపే పద్ధతిలో మరో చిక్కు ఉంది. జబ్బు కోడి మేత ముట్టదు. మందు కలిపిన అన్నాన్ని గంటలో ఖాళీ చేసేది ఆరోగ్యంగా ఉన్న కోళ్ళే. అంటే అక్కరలేనివాటికి మందు, కావలసినదానికి పస్తు. అరవై కిలోల మనిషికి కొలిచి చేసిన గొట్టాన్ని కిలోన్నర కోడికి కంటి అంచనాతో పంచితే, ఒకదానికి ఎక్కువ, మరొకదానికి చాలీచాలనంత.

టీకా ఉంది, వాడకు రాలేదు

1920ల చివర హిమాలయాల దిగువన రాణిఖేత్ పట్టణంలో ఈ తెగులును గుర్తించడం వల్ల మన దేశంలో దానికా పేరు వచ్చింది. ఆ కొండల్లోనే ఉన్న ముక్తేశ్వర్ పరిశోధనాలయంలో 1940లలో దీనికి టీకా తయారయింది. అంటే మందు కోసం ఎదురుచూడవలసిన జబ్బు కాదిది. దాదాపు ఎనభై ఏళ్ళుగా టీకా ఉంది. కోడిపిల్ల పుట్టిన వారంలోపు కంట్లోగాని ముక్కులోగాని ఒక చుక్క లసోటా టీకా, ఎనిమిది వారాలప్పుడు రెక్క కింద ఆర్‌టూబీ టీకా సూది, ఆ తర్వాత అవసరాన్ని బట్టి మళ్ళీ వేస్తే కోడి తట్టుకుంటుంది.

మరి ఎనభై ఏళ్ళ టీకా కూలీ ఇంటి గూటిదాకా ఎందుకు రాలేదు? టీకా సీసా వచ్చేది వంద, రెండు వందలు, అయిదు వందల కోళ్ళ లెక్కన. నాలుగు పెట్టలున్న ఇల్లు వంద కోళ్ళ సీసా కొనదు. కొన్నా, మందు కలిపిన తర్వాత ఒకటి రెండు గంటల్లో వాడెయ్యాలి, మిగిలింది పారబొయ్యాలి. దుకాణం నుంచి ఊరిదాకా ఐసులో తేవాలి. ఎండలో సంచిలో తెచ్చిన టీకా నీళ్ళతో సమానం. వేల కోళ్ళ షెడ్డు ఉన్నవాడికి ఇవేమీ అడ్డంకులు కావు. సీసాలన్నీ అతని లెక్కకే తయారయినాయి.

గొట్టం మాత్ర సంగతి అలా కాదు. ఒక్కటి కావాలంటే ఒక్కటే ఇస్తారు. ఐసు అక్కరలేదు, డాక్టరు అక్కరలేదు. చట్టం ప్రకారం చీటీ ఉండాలి గాని, అడిగేవాడు లేడు. అందుకే మాత్ర వాడ చివరి గుడిసె దాకా పోయింది, టీకా మండల ఆసుపత్రి ఫ్రిజ్‌లోనే ఆగిపోయింది. మాత్రను ఒంటరిగా కొనుక్కోవచ్చు. టీకాకు మాత్రం ఊరంతా ఒకరోజు కూడాలి. ప్రజలు కూడితేనే అందేదాన్ని ప్రభుత్వం పక్కన పడేసింది, ఒంటరివాడికి అమ్ముకోగలిగినదాన్ని వ్యాపారం గడపదాకా తెచ్చింది. అసలు విషయం ఇదే.

పెరటి కోళ్ళు లెక్కలోకి రానంత తక్కువేమీ కాదు. 2019 పశుగణన ప్రకారం దేశంలో కోళ్ళు తదితర పక్షులు 85 కోట్లకు పైగా ఉంటే, అందులో 31.7 కోట్లు పెరటివి. 2012తో పోలిస్తే పెరటివి దాదాపు 46 శాతం పెరిగాయి. రాజేంద్రనగర్‌లోని ప్రభుత్వ పరిశోధనా సంస్థ పెరటి పెంపకం కోసమే వనరాజా, గ్రామప్రియ రకాలను రూపొందించింది. పథకాల కింద పిల్లలను పంచుతారు, పంచిన రోజున ఫొటోలు దిగుతారు. ఎనిమిది వారాలకు సూది వేయవలసిన రోజున మాత్రం చాలాచోట్ల ఎవరూ కనిపించరు. పిల్లలు చచ్చిపోతే లబ్ధిదారు శ్రద్ధ చూపలేదని నెపం ఆమె మీదనే వేస్తారు.

పెద్ద షెడ్డు, చిన్న గంప

యాంటీబయోటిక్ ఎక్కువగా పోయేది గంప కింది కోడికి కాదు, కంపెనీల షెడ్లకు. ఈ కథలో మన తెలుగునేలకు కూడా ఒక ముడి ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధనలకు నాయకత్వం వహించిన కాలంలో, అక్కడ బెంజమిన్ డుగ్గర్ ఆరియోమైసిన్‌ను కనుగొన్నాడు. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో అది మొదటిది. 1948లో సుబ్బారావు కన్నుమూశారు. మనుషుల ప్రాణాలు నిలబెట్టేందుకు వచ్చిన ఆ మందును మేతలో కాస్త కలిపితే కోడిపిల్లలు త్వరగా బరువెక్కుతాయని అదే కంపెనీలో జ్యూక్స్, స్టోక్‌స్టాడ్ అనే శాస్త్రవేత్తలు గమనించి, 1950లో లోకానికి వెల్లడించారు. ఆ రోజు నుంచి అది మందుగానే కాక లాభం పెంచే మేతగా కూడా మారింది. యూరపు దేశాలు బరువు కోసం మేతలో యాంటీబయోటిక్‌లు కలపడాన్ని 2006 నుంచి నిషేధించాయి.

మన దగ్గర? ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2014లో ఢిల్లీ పరిసరాల నుంచి 70 కోడిమాంసం నమూనాలు తెచ్చి పరీక్షిస్తే, 40 శాతం నమూనాల్లో యాంటీబయోటిక్ అవశేషాలు కనిపించాయి. ఏ మందూ పనిచేయని రోగులకు ఆసుపత్రుల్లో చివరి ఆశగా వాడే కొలిస్టిన్‌ను కూడా కోళ్ళ మేతలో కలిపారు. 2019 జులైలో గాని కేంద్రం దాన్ని పశువులకు, కోళ్ళకు, చేపలకు వాడడం నిషేధించలేదు. నిషేధం కాగితం మీద ఉంటే చాలదు. ఏ షెడ్డులో ఏ మందు ఎంత పోస్తున్నారో చెప్పే లెక్క ప్రజల ముందు ఉండాలి.

ఇలా వాడితే ఏమవుతుంది? చాలీచాలని మందు పడినప్పుడు బలహీనమైన బ్యాక్టీరియా చస్తుంది, మొండిది మిగులుతుంది. మిగిలినది తన మొండితనాన్ని సంతానానికి, పక్కనున్న ఇతర బ్యాక్టీరియాకు కూడా పంచుతుంది. పెనిసిలిన్‌ను కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో నోబెల్ బహుమతి అందుకుంటూనే, మోతాదు తక్కువైతే వచ్చే ఈ ప్రమాదం గురించి హెచ్చరించాడు. ఒక్క 2019లోనే ప్రపంచంలో సుమారు 12.7 లక్షల మంది మందుకు లొంగని బ్యాక్టీరియా వల్లనే నేరుగా మరణించారని శాస్త్రజ్ఞుల అంచనా.

ఆ మొండి క్రిములు ముందుగా ఎవరి ఇంటికి వస్తాయి? షెడ్డులో పెంట ఎత్తే కూలీ ఇంటికి. ఆ పెంటను బుట్టలకెత్తి పొలాల్లో, చేపల చెరువుల్లో చల్లే కూలీ ఇంటికి. చేతికి తొడుగు ఉండదు, కాలికి చెప్పు ఉండదు. తర్వాత ఆమెకు గాయమై చీము పట్టినా, బిడ్డకు విరేచనాలైనా, చవక మందు పనిచేయదు, ఖరీదైన మందుకు డబ్బులుండవు. లాభం కంపెనీకి, రోగం కూలీకి. షెడ్డుతో పోలిస్తే పెరటి మాత్ర ఏపాటిది అనవచ్చు. పాపంలో వాటా చిన్నదే. కాని గూడు పక్కనే పిల్లలు పడుకునే ఇంట్లో ఆ చిన్న వాటా కూడా మన మీదనే పడుతుంది. అందుకని షెడ్డును ప్రశ్నించాలి, గంపనూ చక్కదిద్దుకోవాలి.

గాయపడిన కోడికి

అన్నిటికీ మాత్ర వద్దన్నప్పుడు మరి ఏం చేయాలో కూడా చెప్పాలి. కుక్క పట్టినా, పిల్లి గీరినా, ముంగిస కరిచినా, పుంజులు పొడుచుకున్నా, ముందు ఆ కోడిని వేరుగా కమ్మాలి. నెత్తురు కనిపిస్తే మిగతా కోళ్ళు అక్కడే పొడిచి చంపుతాయి. కాచి చల్లార్చిన నీళ్ళలో కాస్త ఉప్పు వేసి గాయం శుభ్రంగా కడగాలి. చుట్టూ ఈకలు కత్తిరించాలి. అయోడిన్ మందు ఉంటే పల్చగా కలిపి రాయాలి, లేకపోతే పసుపు అద్దవచ్చు. ఈగలు వాలకుండా చూడాలి. పురుగు పడితే ఏరి, మళ్ళీ కడగాలి. నీడ, నీళ్ళు, మెత్తటి మేత ఇవ్వాలి. పైపై గాయాలు చాలావరకు దీనితోనే మానుతాయి.

కుక్కపంటి గాయం లోతుగా దిగినా, వాచి చీము పట్టి వాసన వేస్తున్నా అప్పుడు యాంటీబయోటిక్ అవసరం పడవచ్చు. అది కూడా పశువుల డాక్టరు చూసి, కోడి బరువును బట్టి చెప్పిన మోతాదులో, చెప్పినన్ని రోజులు వాడాలి. రెండు రోజులకు తేరుకుందని మానేస్తే మొండి క్రిమిని పెంచినట్టే. పిల్లలకు మిగిలిన జ్వరం మందు కోడికి, కోడికి మిగిలిన మందు పిల్లలకు వాడరాదు.

మందు వాడిన కోడి గుడ్డులోకి, మాంసంలోకి ఆ మందు దిగుతుంది. ఎన్ని రోజులు తినకూడదో మందు చీటీ మీద ఉండాలని 2012లో కేంద్రం నిబంధన తెచ్చింది. చీటీ మీద ఏమీ లేకపోతే గుడ్లకు కనీసం 7 రోజులు, మాంసానికి 28 రోజులు ఆగాలి. చచ్చేలా ఉందని మందు వేసిన కోడిని మర్నాడే కోసి వండితే ఆ మందు పిల్లల కంచంలోకి వచ్చినట్టే.

చచ్చిన కోడిని కాలవలో, దిబ్బలో పారేయవద్దు. లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాలి. ఒకేసారి ఎక్కువ కోళ్ళు చస్తే ఉత్త చేతులతో ముట్టుకోవద్దు, కొయ్యవద్దు, తినవద్దు, వెంటనే పశువైద్యశాఖకు చెప్పాలి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్ళకు బర్డ్ ఫ్లూ సోకినట్టు తేలింది. ఆ మార్చిలో పల్నాడు జిల్లాలో ఒక పసిపిల్ల ఆ జబ్బుతో ప్రాణం కోల్పోయింది. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. చచ్చిన కోడిని తినవద్దంటే, ఆకలిగా ఉన్న ఇల్లు వినాలంటే, నష్టపరిహారం ఉంటుందన్న నమ్మకం కూడా ఉండాలి. షెడ్డు యజమానికి లెక్కగట్టినట్టే గంప కింది కోడికి కూడా లెక్కగట్టి చెల్లించాలి.

మనం అడగవలసినది, చేయవలసినది

ఆఫ్రికాలో టాంజానియా, మొజాంబిక్ లాంటి పేద దేశాల్లో ఐటూ అనే టీకాను పల్లెలకు తీసుకుపోయారు. అది వేడిని కొంతవరకు తట్టుకుంటుంది, కంట్లో చుక్క వేస్తే చాలు. ఊళ్ళోవాళ్ళే శిక్షణ పొంది నాలుగు నెలలకొకసారి ఇంటింటికీ తిరిగి వేస్తున్నారు. వాళ్ళు చేయగలిగింది మన ప్రభుత్వాలు చేయలేవా? అందుచేత మేము కోరేదేమిటంటే:

ఒకటి, ప్రతి ఊళ్ళో, ప్రతి వాడలో, ముందే చాటింపు వేసి ఒకే రోజున పెరటి కోళ్ళన్నిటికీ ఉచితంగా టీకా వేయాలి. పెట్టలు ఏడాది పొడుగునా పిల్లలను దింపుతాయి గనుక ఏడాదికి ఒక్కసారి వస్తే చాలదు. వేసవి ముదరక ముందు ఒకసారి, సంక్రాంతి సంతలకు ముందు ఒకసారి తప్పనిసరి.

రెండు, వాడకొక మహిళకు శిక్షణ, ఐసు డబ్బా, టీకా ఇవ్వాలి. సేవ పేరుతో వట్టి చాకిరీ చేయించుకోకుండా పనికి తగిన వేతనం ఇవ్వాలి.

మూడు, ఖాళీగా ఉన్న పశువైద్యుల, సిబ్బంది పోస్టులు భర్తీ చేయాలి. 1962 నెంబరు పేరిట పెట్టిన సంచార పశువైద్య వాహనాలు గేదెకే కాదు, కూలీ కోడికి కూడా రావాలి.

నాలుగు, కంపెనీ షెడ్లలో, మేత మిల్లుల్లో వాడే యాంటీబయోటిక్‌ల లెక్క బయటపెట్టాలి. అక్కడ పనిచేసే కూలీలకు తొడుగులు, బూట్లు, వైద్య పరీక్షలు యజమాని ఖర్చుతో ఇవ్వాలి.

ప్రభుత్వం కదిలేదాకా చేతులు ముడుచుకుని కూర్చోవలసిన పని లేదు. సంఘం కార్యకర్తలు ముందుగా తమ వాడలో ఏ ఇంట్లో ఎన్ని కోళ్ళున్నాయో రాసుకోవాలి. పాతిక ఇళ్ళు కలిస్తే వంద కోళ్ళ సీసా నిండుతుంది. ఆ కాగితం పట్టుకుని పది మంది ఆడవాళ్ళతో పశువుల ఆసుపత్రికి పోయి తేదీ అడగాలి. అడిగింది రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోవాలి. వచ్చే రోజున తెల్లవారకముందే, కోళ్ళు గూటిలో ఉండగానే సిద్ధంగా ఉండాలి, ఎండెక్కితే ఏ కోడీ చేతికి చిక్కదు. జబ్బుపడిన కోళ్ళను అప్పటికే వేరు చేయాలి, టీకా ఆరోగ్యంగా ఉన్నవాటికే. బయట కొన్న కోడిని పది పదిహేను రోజులు విడిగా ఉంచాలనే కట్టుబాటు ఊరు పెట్టుకోవాలి.

కోడి చిన్న విషయమని కొందరు నవ్వవచ్చు. కూలిరేట్ల కోసం, ఇళ్ళ స్థలాల కోసం పోరాడే సంఘం కోళ్ళ టీకాకు తిరగాలా అనవచ్చు. కూలి దొరకని నెలల్లో ఆ ఇంటిని ఆదుకునేది ఆ నాలుగు గుడ్లే. వాటిని కాపాడలేని సంఘం మీద ఆ తల్లికి నమ్మకం ఎలా కుదురుతుంది? ఈ వేసవి రాకముందే ప్రతి గ్రామశాఖ కోళ్ళ లెక్క రాసి, టీకా తేదీ సాధించాలని మేము కోరుతున్నాము.